బీరువాలో పదేళ్లు దాచవలసిన డేటాకు హార్డ్ డిస్కా, ఎస్‌ఎస్‌డీనా?

ప్రశ్న: పలనాటి వాసి, నరసరావుపేట

అందరికీ నమస్కారం. మా ఇంట్లో మూడు తరాల ఫొటోలు, వీడియోలు కలిపి దాదాపు 1.4 టీబీ ఉన్నాయి. 1994లో జరిగిన మా పెద్దక్క పెళ్లి క్యాసెట్లను గుంటూరులో డిజిటల్‌కు మార్పించినవి, 2006లో కొన్న మొదటి డిజిటల్ కెమెరాతో తీసినవి, ఆ తర్వాత ఫోన్లు మార్చినప్పుడల్లా దించుకొన్నవి, అన్నీ 2017లో కొన్న ఒకే ఒక్క 2 టీబీ పోర్టబుల్ హార్డ్ డిస్కులో ఉన్నాయి. రెండో ప్రతి లేదు. అది నా తప్పేనని ఒప్పుకొంటున్నాను కనుక ఆ విషయంలో మళ్లీ చీవాట్లు పెట్టకండి. ఇంట్లో ఆ పని ఇప్పటికే సక్రమంగా జరుగుతున్నది.

పోయిన వారం మా అమ్మాయి ఏవో చిన్ననాటి ఫొటోల కోసం ఆ డిస్కు పెడితే, లోపలి నుంచి గోడగడియారంలా టిక్కు టిక్కుమని చప్పుడు వచ్చింది. కాపీ చేయబోతే కొన్ని ఫోల్డర్లు సెకనుకు 90 ఎంబీ వేగంతో మామూలుగానే వస్తున్నాయి, కొన్నిచోట్ల ఆ వేగం 2 ఎంబీకి పడిపోయి అరగంట అక్కడే నిలబడుతున్నది. డిస్కులో లోపం ఉంది, సరిచేయమంటారా అని విండోస్ అడుగుతున్నది. నేను ఇంకా ఔననలేదు.

మా ఊరి దుకాణదారు హార్డ్ డిస్కుల కాలం చెల్లిపోయిందని, చిప్పుల్లో డేటా దాచే ఎస్‌ఎస్‌డీలో కదిలే భాగాలే లేవు కనుక జీవితాంతం ఉంటుందని, 1,200 టీబీ రాసే వరకు కంపెనీయే పూచీ అని చెప్పి, వచ్చే నెల ధర ఇంకా పెరుగుతుందని తొందరపెడుతున్నాడు. డాలస్‌లో ఉన్న మా బాబాయి కొడుకేమో, ఎస్‌ఎస్‌డీని కరెంటు ఇవ్వకుండా బీరువాలో పెడితే ఏడాదిలో అంతా చెరిగిపోతుందని ఫోనులో భయపెట్టాడు. ఇద్దరూ తెలిసినవాళ్లలాగే మాట్లాడుతున్నారు. దానికి తోడు మాది రెంటచింతలకు ఎంతో దూరం లేని ఊరు. మే నెలలో మేడ మీద గదిలో బీరువా తలుపు ముట్టుకొంటేనే వెచ్చగా తగులుతుంది. పదేళ్ల పాటు దాచుకోవడానికి ఈ రెండింటిలో ఏది కొనాలి?

మరొక మాట. తాత్కాలికంగా ఉంటుందని ఆన్‌లైన్‌లో 1,100 రూపాయలకు 2 టీబీ పెన్‌డ్రైవ్ ఒకటి కొన్నాను. కాపీ అయితే అయింది, ఫైళ్ల పేర్లూ కనిపిస్తున్నాయి, కానీ మొదటి కొన్ని తప్ప మిగతావి తెరుచుకోవడం లేదు. అసలు హార్డ్ డిస్కు మీద కూడా 2 టీబీ అని రాసి ఉంటే కంప్యూటరు 1.81 అనే చూపిస్తుంది. అదీ ఇదీ ఒకే రకం మోసమా?

జవాబు: పాత బెంచి, సికింద్రాబాదు

ఏది కొనాలన్న చర్చకు ముందు ఆ డిస్కును ఊడదీసి పక్కన పెట్టండి. దాని ఆయుష్షు ఇంకెన్ని గంటలో ఎవరూ చెప్పలేరు కనుక, ఆ మిగిలిన గంటలను ఫోల్డర్లు తెరిచి చూసుకోవడానికి కాక, నకలు తీయడానికే ఖర్చు పెట్టాలి. నేను చెనాయ్ ట్రేడ్ సెంటరు పక్కనే పదిహేనేళ్లుగా ఈ పని మీదే బతుకుతున్నాను. నా దగ్గరకు వచ్చే డిస్కుల్లో సగం దానంతట అది పాడైనందుకు కాక, పాడైన తర్వాత యజమానులు చేసిన వైద్యం వల్లే చచ్చిపోయి వస్తాయి.

లోపల అద్దంలాంటి పళ్లేలు నిమిషానికి 5,400 సార్లు తిరుగుతుంటే, చదివే హెడ్డు వాటిని తాకకుండా కొన్ని నానోమీటర్ల ఎత్తున తేలుతూ ఉంటుంది. తల వెంట్రుక మందంలో వెయ్యో వంతు కూడా ఉండని ఎడం అది. ఒక చోట చదవలేకపోతే హెడ్డు తన గూటికి తిరిగి వెళ్లి మళ్లీ వచ్చి ప్రయత్నిస్తుంది. మీరు విన్న చప్పుడు అదే. అలా పట్టుబట్టి చదివించిన కొద్దీ హెడ్డు బలహీనపడుతుంది, చివరికి ఒకరోజు పళ్లేన్ని గీరేస్తుంది. గీరిన చోట ఉన్నదాన్ని ఎంత డబ్బు పోసినా వెనక్కు తేలేము.

విండోస్ అడిగిన ప్రశ్నకు వద్దనే చెప్పండి. ఔనంటే అది నడిపే చెక్‌డిస్క్ అనేది డిస్కు ఆరోగ్యంగానే ఉంది, లెక్కల పుస్తకమే చెడింది అన్న నమ్మకంతో పనిచేసే ఉపకరణం. చదవలేని పేజీలను లెక్కల్లోంచి కొట్టేసి, దిక్కులేని ముక్కలను ఒక మూల పోగు చేస్తుంది. నిరుడు ఒక పదవీ విరమణ చేసిన హెడ్మాస్టరు గారు ఇలాంటి డిస్కుకే రాత్రంతా ఆ పని చేయించి తెచ్చారు. తెరిచి చూస్తే ఫౌండ్.000 అనే ఫోల్డరులో ఫైల్0000 మొదలుకొని వరుస సంఖ్యలతో నాలుగు వేల పైచిలుకు ముక్కలు ఉన్నాయి. ఒక్కదానికీ పేరు లేదు, తేదీ లేదు. ఆయన మనవరాలి ఓణీల ఫంక్షను ఏ ముక్కలో ఉందో వెతకడానికి మా కుర్రవాడికి పది రోజులు పట్టింది.

మీరు చేయవలసింది ఇది. డిస్కు ఆరోగ్యం చూపించే క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ప్రోగ్రాము తెరిచి 05, సీ5, సీ6, సీ7 అనే నాలుగు వరుసల విలువలు ఇక్కడ రాయండి. 05 అంటే డిస్కు ఇప్పటికే వదిలేసి వేరే చోటికి మార్చుకొన్న భాగాల సంఖ్య, సీ5 అంటే చదవలేక అనుమానంలో పెట్టినవి, సీ6 అంటే చదవలేమని తేల్చేసినవి. మిగిలిన మూడూ సున్నాగా ఉండి సీ7 ఒక్కటే పెరుగుతుంటే డిస్కు మంచిదే, కేబులు మారిస్తే సరిపోతుంది. అలాంటి అదృష్టవంతులు నెలకొకరైనా వస్తుంటారు. సీ5లో సంఖ్య ఉంటే మాత్రం మామూలు కాపీ మానేసి, విండోస్‌కు బదులు వాడే లినక్స్‌లో డీడీరెస్క్యూ అనే ఉచిత ఉపకరణాన్ని వాడండి. అది మొండిచోటు తగిలితే అక్కడ తల బాదుకోకుండా దాటిపోయి, బాగున్న భాగమంతా ముందు తెచ్చుకొని, ఆ తర్వాతే వెనక్కు వచ్చి మొండివాటి సంగతి చూస్తుంది. ఎంత వరకు వచ్చిందీ ఒక చిన్న ఫైలులో రాసుకొంటుంది కనుక మధ్యలో కరెంటు పోయినా మొదటికి రాదు. సెకనుకు 2 ఎంబీ చొప్పున 1.4 టీబీ అంటే ఎనిమిది రోజులు. అన్ని రోజులు ఆ డిస్కు ఓర్చుకోదు, అందుకే ఈ వరుస. నకలు దించడానికి 4 టీబీ డిస్కు ఒకటి కొనండి. 2 టీబీది ప్రతి బైటూ నకలు తీస్తే అది నిండిపోతుంది, ఆ నకలులోంచి ఫైళ్లు బయటికి తీయడానికి మళ్లీ చోటు కావాలి.

ఇప్పుడు మీ ప్రశ్నకు: బీరువాకైతే హార్డ్ డిస్కే, ఒకటి కాదు రెండు. ఒకటిన్నర రెట్లు ఖరీదైన ఒక్క డిస్కు కంటే మామూలువి రెండు మేలు. కంపెనీ ఇచ్చే వారంటీ డిస్కుకే గాని అందులోని పెళ్లికి కాదు.

1.81 మోసం కాదు, కొలత తేడా. కంపెనీ టీబీ అంటే లక్ష కోట్ల బైట్లు. విండోస్ 1,024 చొప్పున నాలుగు సార్లు గుణించిన దాన్ని టీబీ అంటుంది. 2 లక్షల కోట్లను ఆ కొలతతో భాగిస్తే 1.81 చిల్లర వస్తుంది. పెన్‌డ్రైవ్ మాత్రం నికార్సయిన మోసం. లోపల 32 జీబీ చిప్పు ఒకటి అతికించి, కంప్యూటరు అడిగినప్పుడు 2 టీబీ అని చెప్పమని ఆ చిప్పును నడిపే కంట్రోలరుకు నేర్పించి అమ్ముతారు. పేర్ల పట్టిక మొదట్లోనే పడుతుంది కనుక పేర్లు కనిపిస్తాయి. అసలు సరుకు చిప్పు నిండిన తర్వాత గాలిలో కలిసిపోతుంది. హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే చిన్న ప్రోగ్రాము చివరి దాకా రాసి, తిరిగి చదివి, నిజమైన కొలత చెబుతుంది. డబ్బు వెనక్కు అడగడానికి ఆ ఫలితం ఫొటో తీసి పెట్టుకోండి.

జవాబు: ఎలక్ట్రాన్ మాస్టారు, కాకినాడ

బెంచి వారు డిస్కును ఎలా కాపాడాలో చెప్పిన దానికి నేను చేర్చవలసింది లేదు. అయితే మీ దుకాణదారూ, మీ తమ్ముడుగారూ చెప్పిన రెండు మాటల్లోనూ సగం సగం నిజం ఉన్నందువల్ల, ఆ సగాలను విడదీసి చూపించడం అవసరమనిపిస్తున్నది.

ఎస్‌ఎస్‌డీలో ఉండే ఫ్లాష్ చిప్పు ఒక్కొక్క గదిలో కొద్దిపాటి ఎలక్ట్రాన్లను బంధించి, చుట్టూ పలుచని బంధక పొరతో మూసి ఉంచుతుంది. ఒకేసారి పెద్ద భాగాన్ని చెరిపే ఆ పద్ధతి కెమెరా ఫ్లాష్ వెలిగినట్లు ఉందనే ఆ పేరు వచ్చిందంటారు. 1980లలో తోషిబాలో ఫుజియో మసుఒకా బృందం దీన్ని రూపొందించింది. మొదట్లో గదికి ఒక బిట్ చొప్పున దాచేవారు, అంటే గది నిండిందా, ఖాళీగా ఉందా అని రెండే స్థాయిలను గుర్తిస్తే సరిపోయేది. చవక చేయడం కోసం అదే గదిలో మూడు బిట్లు కుక్కితే ఎనిమిది స్థాయిలు, నాలుగు కుక్కితే పదహారు స్థాయిలు గుర్తించవలసి వస్తుంది. ఒక గ్లాసులో నీళ్లు సగానికి పైన ఉన్నాయా లేవా అని చెప్పడం తేలిక; పదహారు గీతల్లో ఏ గీత దగ్గర ఉన్నాయో చెప్పాలంటే రెండు చుక్కలు ఆవిరైనా తప్పు చెబుతాం. ఎలక్ట్రాన్లు ఆ పొరలోంచి ఎంతో నెమ్మదిగానైనా కారిపోతూనే ఉంటాయి, వేడి పెరిగిన కొద్దీ త్వరగా కారిపోతాయి.

మీ తమ్ముడుగారు చెప్పిన ఏడాది గడువు ఎక్కడిదంటే, జెడెక్ అనే ప్రమాణాల సంస్థ ఇంటి వాడకపు ఎస్‌ఎస్‌డీ కరెంటు లేకుండా 30 డిగ్రీల వేడిలో కనీసం ఏడాది పాటు డేటాను నిలుపుకోవాలని నియమం పెట్టింది. అయితే ఆ నియమం, కంపెనీ హామీ ఇచ్చినంతా రాయించి రాయించి అరగదీసిన డ్రైవుకు సంబంధించినది. గదుల గోడలు ప్రతి చెరుపుకూ కొంత అరుగుతాయి కనుక, అరిగిన డ్రైవు ఏడాది నిలిపితే కొత్తది అంతకు ఎన్నో రెట్లు నిలుపుతుంది. అందువల్ల ఏడాదిలో అంతా చెరిగిపోతుందన్నది అతిశయోక్తి. కానీ నియమంలోని 30 డిగ్రీలను మీ మేడ మీది గదిలోని మే నెలతో పోల్చి చూసుకోండి. బీరువాలో పదేళ్లు అన్నప్పుడు ఆ పోలిక మీకు అనుకూలంగా లేదు.

ఇక దుకాణదారు చెప్పిన 1,200 టీబీ అబద్ధం కాదు, మీకు అక్కరలేని నిజం. శామ్‌సంగ్ 870 ఈవో 1 టీబీ డ్రైవుకు 600 టీబీ, 2 టీబీ డ్రైవుకు 1,200 టీబీ రాతకు కంపెనీ హామీ ఇచ్చిన మాట వాస్తవమే. అదే వరుసలో గదికి నాలుగు బిట్లు దాచే 870 క్యూవో 1 టీబీకి ఆ అంకె 360. రోజూ వందల జీబీలు రాసే వీడియో ఎడిటరు ఆ అంకె చూసి కొనాలి. మీరు 1.4 టీబీ ఒకసారి రాసి తలుపు వేస్తారు. మీకు కావలసిన అంకె రాసి ఊరుకొంటే ఎన్నేళ్లు ఉంటుందన్నది, అది ఏ డబ్బా మీదా అచ్చు వేయరు.

వేగం గురించి కూడా ఒక మాట. నాలుగు బిట్ల డ్రైవులు మొదటి కొన్ని పదుల జీబీలను వేరుగా ఉంచిన వేగవంతమైన భాగంలోకి తీసుకొని, అది నిండగానే నెమ్మదిస్తాయి. పైన చెప్పిన క్యూవోలో 1 టీబీ రకం ఆ తర్వాత సెకనుకు 80 ఎంబీ దగ్గర ఆగుతుందని కంపెనీ పత్రమే చెబుతుంది. మీ పాత హార్డ్ డిస్కు ఆరోగ్యంగా ఉన్న చోట్ల 90 ఇస్తున్నదని మీరే రాశారు.

కనుక నా అభిప్రాయం ఇది. ఇంట్లో వారానికోసారి టీవీకి తగిలించి చూసుకొనే ప్రతికి ఎస్‌ఎస్‌డీ మంచిది. పిల్లల చేతిలోంచి జారిపడినా ఏమీ కాదు. తలుపు వేసి ఉంచే ప్రతికి హార్డ్ డిస్కు మంచిది. ఎస్‌ఎస్‌డీనే దాచదలిస్తే ఏడాదికి రెండుసార్లయినా తగిలించి, పది సెకన్లలో తీసేయకుండా అన్ని ఫైళ్లనూ ఒకసారి పూర్తిగా చదివించండి. బలహీనపడిన భాగాలను కంట్రోలరు గుర్తించి తిరిగి రాసుకొనే అవకాశం అప్పుడే ఉంటుంది. ఎస్‌ఎస్‌డీ చచ్చిపోయేటప్పుడు టిక్కు టిక్కుమని ముందుగా చెప్పదు. పొద్దున తగిలిస్తే డ్రైవే కనిపించదు, అంతే.

పలనాటి వాసి, నరసరావుపేట

ఇద్దరికీ కృతజ్ఞతలు. డిస్కు అప్పుడే ఊడదీశాను. ఒక్క నిమిషం తగిలించి విలువలు రాసుకొన్నాను: 05 ఎదురుగా సున్నాలు, సీ5 ఎదురుగా బోలెడు సున్నాల తర్వాత 138, సీ6 ఎదురుగా కూడా 138, సీ7 సున్నా. 138 అంటే పెద్ద సంఖ్యేమీ కాదనిపించి కొంచెం ధైర్యం వచ్చింది. పెన్‌డ్రైవ్ పరీక్ష కూడా అయింది. 29 జీబీ చిల్లర మాత్రమే బాగుందని చెప్పింది.

మరి ఇంత తలనొప్పి లేకుండా అంతా క్లౌడ్‌లో పెడితే సరిపోదా?

పాత బెంచి, సికింద్రాబాదు

మీ ధైర్యాన్ని చెడగొడుతున్నందుకు మన్నించాలి. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో మామూలుగా ఆ విలువలను పదహారు ఆధారపు లెక్కలో చూపిస్తుంది. మన లెక్కలో 138 అంటే 256, 48, 8 కలిపి 312. 312 చోట్ల చదవలేకపోతున్నది, 05 ఇంకా సున్నా కనుక వాటిలో ఒక్కదాన్నీ మార్చుకోలేదు. ఒక్కొక్క చోటు 4,096 బైట్లకు మించదు కనుక పోయేది కొలతలో చాలా తక్కువ. కానీ అది ఏ ఫైలు నడుమ పడిందన్నదే మీ అదృష్టం. వీడియో మధ్యలో పడితే ఒక క్షణం బొమ్మ చెదురుతుంది, ఫొటోలో పడితే కింది సగం బూడిద రంగులోకి పోతుంది.

జవాబు: కేఆర్ పురం తెలుగు, బెంగళూరు

బెంచి వారు హార్డ్ డిస్కు కొనమని ఊరుకొన్నారు గాని, ఏ రకం హార్డ్ డిస్కు అన్నది చెప్పలేదు. ఇప్పుడు అమ్ముతున్న చిన్న పోర్టబుల్ డిస్కుల్లో చాలా వరకు ఎస్‌ఎంఆర్ పద్ధతివి. ఇంటి పైకప్పు పెంకుల్లా, డేటా రాసే ఒక జాడ అంచు మీద ఇంకొక జాడ పరిచి చోటు కలిసి వచ్చేలా చేస్తారు. ఫలితంగా మధ్యలో ఒక పెంకు మార్చాలంటే పక్కనున్న పెంకులన్నీ లేపి మళ్లీ పరచాలి. 2020లో వెస్టర్న్ డిజిటల్ సంస్థ ఇంటి సర్వర్ల కోసం అమ్మే రెడ్ వరుసలో 2 నుంచి 6 టీబీ వరకు ఈ పద్ధతిని చెప్పకుండా వాడిందని బయటపడి పెద్ద గొడవ జరిగింది; ఆ తర్వాతే పాత పద్ధతి డిస్కులను రెడ్ ప్లస్ అని విడదీసి అమ్మడం మొదలుపెట్టింది. నావరకు నేను విడి ఎడాప్టరుతో వచ్చే పెద్ద 3.5 అంగుళాల సీఎంఆర్ డిస్కులే, అంటే జాడలు ఒకదాని మీద ఒకటి ఎక్కని పాత పద్ధతివే కొంటాను. అరచేతిలో పట్టవు, నిజమే. బీరువాలో పెట్టేదానికి అరచేతితో పనేముంది?

రెండు ప్రతుల లెక్క కూడా అంకెల్లో చూస్తే ఎక్కువ నమ్మకం కలుగుతుంది. వేలాది డిస్కులు నడిపే బ్యాక్‌బ్లేజ్ సంస్థ 2013 నుంచి తమ దగ్గర పాడైన డిస్కుల లెక్కలను ప్రచురిస్తున్నది. ఇటీవలి సంవత్సరాల్లో ఏడాదికి నూటికి ఒకటి, రెండు మధ్య పాడవుతున్నాయి. ఒక్క డిస్కుకు ఒకటిన్నర శాతం అనుకొంటే, ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు డిస్కులు అదే ఏడాది పాడయ్యే అవకాశం పదివేలకు రెండు మూడే. సంబంధం లేకపోవడమే ఇందులో కీలకం. ఒకే రోజు ఒకే దుకాణంలో కొన్న ఒకే పెట్టెలోని రెండు డిస్కులను ఒకే బీరువాలో ఒకదాని మీద ఒకటి పెట్టిన వారికి ఈ లెక్క వర్తించదు, దొంగ వాటిని వేర్వేరుగా ఎత్తుకుపోడు. ఫొటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 పద్ధతి చెప్పేది ఇదే: మూడు ప్రతులు, రెండు రకాల మాధ్యమాలు, ఒకటి వేరే ఇంట్లో.

క్లౌడ్ ఆ వేరే ఇల్లు కాగలదు. సెకనుకు 40 మెగాబిట్ల అప్‌లోడ్ వేగం నిలకడగా ఉంటే మీ 1.4 టీబీ ఎక్కడానికి మూడు రోజుల పైన కొన్ని గంటలు పడుతుంది. కానీ అది అద్దె ఇల్లు. గూగుల్ ఫొటోస్ ఉచితంగా ఎంతైనా దాచుకోనిచ్చిన ఏర్పాటు 2021 జూన్ 1తో ముగిసింది. కోటా దాటి రెండేళ్లు అలాగే ఉంటే సరుకు తీసేసే హక్కు తమకు ఉందని వారి నియమాల్లోనే రాసి ఉంది. దాన్ని మూడో ప్రతిగా పెట్టుకోండి, ఏకైక ప్రతిగా వద్దు. రెండు డిస్కుల్లో ఒకేసారి రాసే రెయిడ్ పెట్టెలను కూడా బ్యాకప్ అని నమ్మకండి. పొరపాటున ఫోల్డరు తుడిచేస్తే అది రెండింటిలోనూ అదే క్షణంలో, ఎంతో విధేయంగా తుడిచేస్తుంది.

పాత బెంచి, సికింద్రాబాదు

ఎస్‌ఎంఆర్ విషయంలో బెంగళూరు వారితో నేను ఏకీభవించను. పెంకులు లేపవలసిన అవసరం ఉన్నదాన్ని మార్చినప్పుడే వస్తుంది. ఖాళీ డిస్కులో వరుసగా ఒక్కసారి రాసి మూసేసే వారికి ఆ ఇబ్బంది దాదాపు తెలియదు. సర్వరుకు వద్దు, బీరువాకు ఫరవాలేదు. పైగా నరసరావుపేటలో 3.5 అంగుళాల డిస్కూ, దాని ఎడాప్టరూ రెండూ పదేళ్ల తర్వాత దొరకాలి. ఎడాప్టరు పోగొట్టుకొని, చేతికి దొరికిన వేరే వోల్టేజి ఎడాప్టరు పెట్టి సర్క్యూటు మాడ్చుకొని వచ్చేవాళ్లను నేను చూస్తూనే ఉన్నాను.

ధర పెరుగుతుందన్న దుకాణదారు మాట మాత్రం ఈసారి ఒట్టిది కాదు. ఏఐ డేటా సెంటర్ల గిరాకీ వల్ల 2025 చివరి నుంచి మెమరీ చిప్పుల ధరలు బాగా పైకి పోయాయి. 2011లో థాయిలాండ్ వరదల్లో కర్మాగారాలు మునిగినప్పుడు ఇక్కడ హార్డ్ డిస్కులు ఒక్కసారిగా కొరతై, నిన్నటి ధర ఇవాళ చెప్పని రోజులు నేను చూశాను. అయినా అప్పుడు ఆగలేక కొన్నవాళ్లకు కూడా కావలసింది ఒక డిస్కు కాదు, రెండు.

జవాబు: వెలుగునీడల స్టూడియో, హనుమకొండ

పెళ్లి వీడియోల మాట వచ్చింది కనుక అమ్మేవాళ్ల వైపు నుంచి ఒక సంగతి. సెకనుకు 100 మెగాబిట్ల చొప్పున తీసే 4కే వీడియో గంటకు 45 జీబీ అవుతుంది. మూడు కెమెరాలతో రెండు రోజుల పెళ్లి తీస్తే ఎడిటింగుకు ముందు ఒక టీబీ దాటడం మామూలే. ముహూర్తాల నెలల్లో వరుసగా ఇరవై పెళ్లిళ్లు పడితే ఆ సరుకంతా ఏళ్ల తరబడి దాచే స్టూడియో మా వీధిలో ఒక్కటీ లేదు. మేము ఆరు నెలలు ఉంచి, ఆ తర్వాత చెప్పి తుడిచేస్తాము. పదేళ్ల తర్వాత మీ దగ్గర ఉంటుంది కదా అని వచ్చేవాళ్లకు జవాబు చెప్పలేక నలిగిపోతుంటాము.

వెల్వెట్ పెట్టెలో ఆల్బంతో పాటు మేమిచ్చే ఆ పెన్‌డ్రైవ్ అందంగా ఉంటుంది గాని, అది ఇంటికి చేర్చుకోవడానికే. అందులో వేసే చిప్పులు మాస్టారు చెప్పిన ఎస్‌ఎస్‌డీల్లోని వాటి కంటే నాసి రకం. అంతకు ముందు డీవీడీలు ఇచ్చేవాళ్లం. 2005 ప్రాంతంలో రికార్డు చేసిన చవక డీవీడీలను మొన్న కొన్ని తీసి చూస్తే, పది పెడితే నాలుగు చదవలేదు. వెనక వైపు అంచుల దగ్గర రంగు పాలిపోయి కనిపిస్తున్నది. అన్నట్లు, మీ అక్కయ్య గారి 1994 నాటి క్యాసెట్లను డిజిటల్ అయింది కదా అని పారేయలేదని అనుకొంటున్నాను. ఆడించే యంత్రం దొరికినంత కాలం అవి కూడా ఒక ప్రతే.

పలనాటి వాసి, నరసరావుపేట

మూడు వారాల తర్వాత రాస్తున్నాను. 4 టీబీ పోర్టబుల్ హార్డ్ డిస్కు ఒకటి నరసరావుపేటలోనూ, వేరే కంపెనీది ఇంకొకటి విజయవాడలోనూ కొన్నాను. మా అమ్మాయి స్నేహితురాలి సాయంతో డీడీరెస్క్యూ నడిపించాము. మొదటి విడతలో పది గంటల్లోనే దాదాపు అంతా వచ్చింది. మొండి భాగాల కోసం మరో రెండు రోజులు నడిచింది. ఆ రెండు రోజులూ డిస్కు వేడెక్కకుండా దాని మీదికి టేబుల్ ఫ్యాను తిప్పి పెట్టాము, ఇంట్లో ఎవరినీ ఆ గదిలో గట్టిగా నడవనివ్వలేదు. చివరికి 312లో 47 చోట్లు రాలేదు. అవి పదకొండు ఫైళ్లలో పడ్డాయి: ఏడు వీడియోల్లో రెప్పపాటు చెదురుతున్నది, నాలుగు ఫొటోలు సగానికి ఆగిపోయాయి. ఆ నాలుగింటిలో ఒకటి మా నాన్నగారు అమ్మాయికి అక్షరాభ్యాసం చేయిస్తున్నది. పలక కనిపిస్తున్నది, చేతులు లేవు. బాబాయి కొడుకు తన ఫోనులో వెతికి, వాట్సాప్‌లో ఎప్పుడో పంపుకొన్న చిన్న సైజు ప్రతిని పంపాడు. మసకగా ఉన్నా చేతులు ఉన్నాయి.

అన్ని ఫైళ్లకూ వేలిముద్రల్లాంటి షా-256 సంకేతాలు తీయించి ఆ జాబితాను రెండు డిస్కుల్లోనూ పెట్టాను. ఒక్క బిట్ మారినా సంకేతం మారిపోతుంది కనుక, ఏటా సంక్రాంతికి మళ్లీ తీయించి పోల్చుకొంటే ఏది చెడిందో తెలుస్తుంది. ఒక డిస్కు మేడ మీది బీరువాలోంచి కిందికి, దేవుడి గది పక్క అలమరలోకి మారింది. రెండోది హైదరాబాదులో పెద్దక్క ఇంటికి వెళ్లింది. క్యాసెట్లు కూడా అక్కడే ఉన్నాయట, స్టూడియో వారు అడిగారని చెబితే వెతికి తీసింది. పెన్‌డ్రైవ్ అమ్మినవాళ్లు పరీక్ష ఫలితం ఫొటో చూసి డబ్బు తిరిగి ఇచ్చారు, వస్తువు వెనక్కు అక్కరలేదన్నారు. 29 జీబీ మాత్రం వాడుకొనేలా దాన్ని కుదించే పద్ధతి ఏదైనా ఉందా?

పాత బెంచి, సికింద్రాబాదు

ఉంది. మొదటి 28 జీబీకే ఒక పార్టిషను చేసి మిగతాది ఖాళీగా వదిలేయవచ్చు. కారులో పాటలు వినడానికి తప్ప దేనికీ వాడకండి. పాత హార్డ్ డిస్కును అప్పుడే పారేయకండి, ఆ పలక ఫొటో ఉన్న చోటును డీడీరెస్క్యూ చేత వెనక నుంచి ముందుకు చదివించే విడత ఒకటి మిగిలి ఉంది. ఒక్కోసారి అలా వస్తుంది.